తువ్వాలు కింద చెయ్యి

మొన్న పొద్దున్న కాకరకాయలు తరుగుతుంటే మా తమ్ముడి దగ్గర్నుంచి ఫోను. వాడు హలో అనడు, ఎలా ఉన్నావని అడగడు, ముందు రోజు ఆపిన మాటేదో కొనసాగిస్తున్నట్టు సగంలోంచి మొదలుపెడతాడు. "అప్పా, నాన్న వేళ్ళు ఇవ్వట్లేదే," అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. ఏం వేళ్ళు, ఎవరికి ఇవ్వట్లేదు అని నేను గద్దించి అడిగితే అప్పుడు అసలు సంగతి బయటపెట్టాడు. నాన్నకు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. ఆపరేషన్ ఉచితంగా జరగాలంటే ఆరోగ్య కార్డు కావాలి, కార్డు రావాలంటే ఆధార్ కొత్తగా చేయించాలి, ఆధార్ కావాలంటే పది వేళ్ళూ వేలిముద్రల మిషను అద్దం మీద ఆనించాలి. ఆమదాలవలసలో ఆధార్ సెంటరుకు తీసుకెళితే, అక్కడ కూర్చున్న అమ్మాయి ముసలాయన వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి, కాస్త నొక్కి పెట్టాలి అంటూ చెయ్యి పట్టుకోబోయిందట. అంతే, మా నాన్న రెండు చేతులూ చంకల్లో దాచేసుకుని గోడవైపు తిరిగి నుంచున్నాడట.

"నాను పట్టుకుంటే ఇదిలించేసినాడు. లైన్లో ఉన్నోళ్ళందరూ నవ్వుతన్నారు. నా వల్ల కాదు గానీ, రేపు నువ్వు రా," అన్నాడు తమ్ముడు.

"నేనొచ్చి ఏటి సేస్తానురా? నన్ను మాత్రం ముట్టుకోనిస్తాడేటి?"

"ఏమో, కూతురివి కదా," అని పెట్టేశాడు.

కూతురినట! ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. తరిగిన కాకరకాయలు అలాగే వదిలేసి కాసేపు గుమ్మంలో కూర్చున్నాను. మా ఆయన పేపరు మడిచి, ఏమైందని అడిగాడు. చెప్పాను. "మీ నాన్న వేళ్ళు ఇవ్వడం కొత్తేమీ కాదుగా," అని చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు వెనక ఒక కథ ఉంది. దానికి వస్తాను, తొందరేం లేదు. ఇన్నేళ్ళు ఆగినదాన్ని, ఇంకాస్త ఆగలేనా?

ముందు మా నాన్న సంగతి చెప్పాలి. ఆయనకు మనుషులంటే భయం లేదు, మనుషులు ముట్టుకుంటే భయం. భుజం మీద ఎవరైనా చెయ్యి వేస్తే నిప్పు పడ్డట్టు పక్కకు తప్పుకునేవాడు. ఎదురుగా వచ్చినవాడు ఆత్మీయంగా చేతులు చాపితే, ఇద్దరి మధ్యా ఒక అడుగు ఖాళీ ఉండేలా చూసుకుని దూరం నుంచే దండం పెట్టేవాడు. మంగలి వస్తే పళ్ళు బిగబట్టుకుని కూర్చునేవాడు, ఆఖరికి అద్దం ముందు పెట్టుకుని తన గడ్డం తనే గీసుకోవడం, తన జుట్టు తనే కత్తిరించుకోవడం నేర్చుకున్నాడు. ఆ క్రాపు ఎలా ఉండేదో నేను చెప్పకపోవడమే మర్యాద. కొత్తగా చూసినవాళ్ళు ఈయనకు అంటు పట్టింపు ఎక్కువ కాబోలు అనుకునేవారు. నిజానికి కులం చూసి దూరం జరిగేవాళ్ళు మా ఊళ్ళో బోలెడుమంది ఉండేవారు గానీ, మా నాన్న ఆ బాపతు కాదు. ఆయన అందరికీ సమానంగా దూరం జరిగేవాడు. సొంత తల్లికి కూడా. మా నాయనమ్మ చుట్ట పీలుస్తూ, "పురిట్లో గుంటడప్పుడే అంత. ఎత్తుకుంటే ఏడిసీవోడు, సాప మీద పడేస్తే ఊరుకునీవోడు. లోకంలో గుంటలందరూ దానికి తిరగేసి ఉంటారు," అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకునేది. మా అమ్మది ఇంకో రకం బాధ. ఎప్పుడైనా విసుగొస్తే, "ఈ మనిషి కంటే గోడ నయం, కాస్త ఆనుకోనైనా ఆనుకోవచ్చు," అనేది. మరి మేము ముగ్గురం పిల్లలం ఎలా పుట్టామని మీరు అడగకండి. నేనూ అడగలేదు.

చెప్పొచ్చేదేమిటంటే, ఇదే మనిషి పశువుల దగ్గర ఇంకో మనిషి. మా నాన్న పశువుల బేరగాడు. వారానికోసారి మా ఊరికి దగ్గర్లో జరిగే పశువుల సంతలో రైతుకూ రైతుకూ మధ్య నిలబడి బేరం కుదర్చడం ఆయన పని. గిత్తను చూడగానే మూపురం మీద అరచెయ్యి వేసేవాడు, గంగడోలు నిమిరేవాడు, నోరు తెరిచి వయసు తెలియడానికి పళ్ళు చూసేవాడు, నుదుటి మీద సుడిని వేలితో రాసి రాసి చూసేవాడు. ఎంత పొగరుబోతు ఎద్దయినా ఆయన చెయ్యి తగిలితే చెవులు వాల్చి నిలబడిపోయేది. ఒకసారి మా ఇంట్లో ఆవు ఈనిన దూడను ఒళ్ళో పెట్టుకుని గడ్డితో తుడుస్తుంటే నేను ఎదురుగా కూర్చుని చూశాను. నాకు అప్పుడు బహుశా రెండో తరగతి. ఆ దూడ మీద నాకు పుట్టినంత కుళ్ళు మళ్ళీ జన్మలో ఎవరి మీదా పుట్టలేదు.

నన్ను ఆయన ఎత్తుకున్న జ్ఞాపకం లేదు. చెయ్యి పట్టుకుని నడిపించిన జ్ఞాపకమూ లేదు. సంతకు నేనూ వస్తానని ఏడిస్తే తీసుకెళ్ళేవాడు, కానీ చెయ్యి ఇచ్చేవాడు కాదు. భుజం మీది తువ్వాలు తీసి ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస తన గుప్పిట్లో పెట్టుకునేవాడు. "ఆ కొస ఒగ్గీకు," అనేవాడు, వదలొద్దని. అలా నేను తువ్వాలు పట్టుకుని నాన్న వెనకా, ఆ రోజుకు అమ్మకానికి వచ్చిన దూడలు పలుపుతాళ్ళు పట్టుకున్న వాళ్ళ వెనకా, ఒకే దుమ్ములో నడిచేవాళ్ళం. ఆమదాలవలస స్టేషను దగ్గర పట్టాలు దాటేటప్పుడు మాత్రం తువ్వాలును తన వైపు చుట్టుకుంటూ వచ్చి మధ్యలో జానెడు మిగిల్చేవాడు. ఆ జానెడు మాత్రం ఎప్పుడూ మిగిలే ఉండేది. జ్వరం వస్తే నుదురు పట్టి చూసేది అమ్మ. ఆయన మంచానికి బారెడు దూరంలో పీట వేసుకుని ఆ తువ్వాలుతోనే మధ్యాహ్నమంతా విసిరేవాడు. తువ్వాలులోంచి చుట్ట వాసన, పేడ వాసన, ఎండిన చెమట వాసన కలిసి వచ్చేవి. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు జ్వరం వచ్చినట్టే ఉంటుంది.

ఇక ఆ సంతలో జరిగే బేరం సంగతి. ఇప్పటి పిల్లలకు తెలియదు, అంతా ఫోన్లలో ఫొటోలు పెట్టుకుని అమ్మేసుకుంటున్నారు. అప్పట్లో పశువు ధర నోటితో చెప్పేవారు కాదు. చుట్టూ ఇరవైమంది చెవులు రిక్కించి నిలబడి ఉంటారు కదా, వాళ్ళకు వినపడితే బేరం చెడుతుంది. అందుకని బేరగాడు తన తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పుతాడు. కింద అవతలివాడి వేళ్ళు పట్టుకుని ధర చెబుతాడు. ఒక వేలు పట్టుకుంటే ఒక లెక్క, రెండు పట్టుకుంటే ఇంకో లెక్క, సగం వేలు నొక్కితే సగం. పైన మొహాలు మాత్రం వానల గురించో పెళ్ళిళ్ళ గురించో మాట్లాడుకుంటూ ఉంటాయి. తువ్వాలు కింద ఏం జరిగిందో ఆ ఇద్దరికి తప్ప దేవుడికి కూడా తెలియదు. ఒకరి గుమ్మం ఒకరు తొక్కని వాళ్ళు కూడా ఆ గుడ్డ కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ఎంతసేపయినా నిలబడేవారు. మా నాన్న ఆ పనిలో ఘనుడు. రోజంతా ఊళ్ళవాళ్ళ చేతులన్నీ పట్టుకునేవాడు, ఎవరి చెయ్యీ విదిలించేవాడు కాదు, మొహంలో భయమూ ఉండేది కాదు. అది చూసి నాకు ఎంత ఉక్రోషం వచ్చేదో! దారిన పోయే ప్రతి మనిషికీ దొరికే చెయ్యి, ఇంట్లో నాకెందుకు దొరకదు? ఒకసారి నేనూ తువ్వాలు కింద చెయ్యి దూర్చి, "నాకూ నేర్పు," అన్నాను. చెయ్యి వెనక్కి తీసేసుకుని, "ఆడగుంటవి, నీకెందుకే ఈ సంత బాస," అన్నాడు. నేర్పలేదు. నా తర్వాత పుట్టిన ఇద్దరు మగపిల్లలకూ అది పట్టలేదు. ఒకడు ట్రాక్టరు కొన్నాడు, ఒకడు విశాఖపట్నంలో షిప్‌యార్డు వైపు వెళ్ళిపోయాడు.

ఇదంతా నేను మర్నాడు విజయనగరంలో పాసింజరు ఎక్కి కూర్చుని ఆలోచించాను. సీటులో ముగ్గురి చోట అయిదుగురం. చీపురుపల్లి దాటగానే పక్కావిడ నా భుజం మీద తల వాల్చి హాయిగా నిద్రపోయింది. ఎవరో ఏమిటో, నూనె కారుతున్న జడ. మా నాన్న అయితే ఈపాటికి రైల్లోంచి దూకేసి ఉండేవాడు. పొందూరు స్టేషను వచ్చింది. పొందూరు అనగానే నాకు ఇంకో తువ్వాలు గుర్తొస్తుంది. నా పెళ్ళికి మా నాన్న ప్రత్యేకంగా ఆ ఊళ్ళో నేయించి తెచ్చుకున్న ఖద్దరు తువ్వాలు. తెల్లగా, సన్నటి ఎర్రంచుతో ఉండేది. ఆ తువ్వాలే నా పరువు తీసింది.

పెళ్ళిలో ముట్టుకోవలసిన ఘట్టాలన్నీ ఎలాగో గట్టెక్కాయి. కన్యాదానానికి చెంబుతో నీళ్ళు పోయడమే కదా, చెంబు అడ్డం ఉంది గనక పోశాడు. అల్లుడి కాళ్ళు కడిగేటప్పుడు అమ్మ ముందుకొచ్చి పని కానిచ్చేసింది. మిగిలింది అప్పగింతలు. పళ్ళెంలో పాలు పోసి పెట్టారు. ఆ పాలలో ముంచిన నా చేతుల్ని తండ్రి పట్టుకుని అత్తమామల చేతుల్లో పెట్టాలి. అమ్మ ఏడుస్తోంది, అమ్మలక్కలు అందరూ ముక్కులు ఎగబీలుస్తున్నారు. నేను మాత్రం ఏడవడం లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు లోపల ఆనందంగా ఉంది. ఇప్పుడు తప్పించుకోలేడు, ఊరంతా చూస్తోంది, ఇప్పుడు నా చెయ్యి పట్టుకుని తీరాలి అని. పాలు కారుతున్న చేతులు చాపుకుని కూర్చున్నాను. నాన్న నా ఎదురుగా కూర్చున్నాడు. చేతులు చూశాడు. మొహం పాలిపోయింది. పురోహితుడు ఒకసారి దగ్గాడు. మా మేనమామ వెనక నుంచి, "కానీ బావా, రైలు టైమవుతాది," అన్నాడు.

అప్పుడు మా నాన్న ఏం చేశాడో తెలుసా? భుజం మీది పొందూరు తువ్వాలు తీసి, దులిపి, నా చేతుల మీద కప్పాడు. కప్పి, దాని కింద తన చెయ్యి దూర్చాడు. అచ్చం సంతలో ఎద్దు ముందు నిలబడి చేసినట్టే.

పెళ్ళికొడుకు వైపు నుంచి ఎవరో, "ఏటి బావా, బేరం కుదిరినాదేటి? ఎన్ని పళ్ళేటి గిత్తకి?" అన్నారు. అంతే, పందిరి పందిరంతా గొల్లుమంది. ఏడుస్తున్న ఆడవాళ్ళు కూడా కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. తువ్వాలు కింద మా నాన్న నా కుడిచేతి వేళ్ళు పట్టుకున్నాడు. చిటికెన వేలు దగ్గర్నుంచి ఒక్కొక్క వేలూ లోపలికి మడిచాడు. బొటనవేలు పైన మడిచి పిడికిలి చేశాడు. ఆ పిడికిలిని గట్టిగా నొక్కి కాసేపు పట్టుకున్నాడు. తర్వాత చెయ్యి తీసేసి, తువ్వాలు అక్కడే వదిలేసి లేచి, పశువుల పాక వైపు వెళ్ళిపోయాడు. మా మేనమామే ముందుకొచ్చి నా చేతులు పట్టుకుని మా అత్తగారి చేతుల్లో పెట్టాడు. నా మొహం చూడాలి అప్పుడు. పాలు, కన్నీళ్ళు, కాటుక, అవమానం అన్నీ కలిసి కారుతున్నాయి. నా పాల చెయ్యి తనకు అంటకుండా వేళ్ళు మూసేసి వదిలించుకున్నాడని అనుకున్నాను. ఇంకేం అనుకుంటాను?

అక్కడితో అయిపోతే బాగుండేది. అత్తారింట్లో నాకు పేరు స్థిరపడిపోయింది, సంత కోడలు. పాలు పొంగిపోతే "సంత కోడలు కదా, ఏటి తెలుస్తాది" అనేవారు, పని బాగా చేస్తే "సంతలో మంచిదే ఏరుకున్నాం" అనేవారు. మా అత్తగారు మంచావిడే, ముద్దుకే అలా అనేది, కానీ ముద్దు ముద్దే, పోటు పోటే. మా ఆయన ఇంకో అడుగు ముందుకేసి, గదిలో తలుపు వేయగానే అడిగిన మొదటి ప్రశ్న, "అసలు మీ నాన్న తువ్వాలు కింద ఎంత చెప్పాడు?" అని. ఆ ప్రశ్న ఆయన ఇప్పటికీ అప్పుడప్పుడూ అడుగుతాడు. నేను ఇప్పటికీ ఆ పూట కూరలో ఉప్పు వేయను. పుట్టింటికి వెళితే నాన్నతో ముక్తసరిగా మాట్లాడేదాన్ని. ఆయన అసలే మాటలు తక్కువ మనిషి, నేను తగ్గించిన సంగతి గమనించాడో లేదో. ఒకసారి అడిగేద్దామనుకున్నాను, ఎందుకలా చేశావని. పాక దగ్గరికి వెళ్ళాను. ఆవు మెడ మీద చెయ్యి వేసుకుని నుంచుని ఉన్నాడు. అది చూసి ఒళ్ళు మండి వెనక్కి వచ్చేశాను.

కరోనా వచ్చినప్పుడు మాత్రం మా నాన్నకు స్వర్ణయుగం నడిచింది. ఎవరూ ఎవర్నీ ముట్టుకోకూడదు, ఆరడుగుల దూరం, దూరం నుంచే దండం. ఫోన్లో ఎన్నడూ నవ్వని మనిషి నవ్వాడు. "నా జబ్బే లోకానికంతటికీ వచ్చినాది. ఇన్నాళ్ళూ నన్ను పిచ్చోడన్నారు, ఇప్పుడు ఊరంతా నాలాగే తిరుగుతన్నాది," అన్నాడు. జబ్బు అనే మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. దాన్ని పట్టుకుని ఇంకా ఏదైనా అడిగి ఉండాల్సింది. అప్పటికే, "ఉంటాను," అని పెట్టేశాడు.

సరే, ఆమదాలవలసలో దిగాను. తమ్ముడు బండి మీద ఎక్కించుకుని ఆధార్ సెంటరుకు తీసుకెళ్ళాడు. చిన్న గది, బయట వరండాలో జనం. నాన్న బెంచీ చివర, పక్కన ఎవరూ కూర్చోకుండా సంచీ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను గొంతు బట్టి గుర్తుపట్టాడు, ఆయనకు మనిషి సరిగ్గా కనబడలేదు. కళ్ళు పాలు పోసినట్టు తెల్లగా ఉన్నాయి. ఈ వేళ్ళు పడకపోతే ఆపరేషన్ లేదు, ఆపరేషన్ లేకపోతే ఇంకొన్నాళ్ళకు ఆ పాక దగ్గరికి దారి కూడా కనబడదు. తనను ఎవరూ పట్టుకోకూడదు, కళ్ళూ కనబడకూడదు, మరి ఎలా బతుకుతాడీ మనిషి? రేపు కంటి డాక్టరు రెప్పలు పట్టుకుంటే ఏం చేస్తాడో అది వేరే కథ. ముందు ఈ గండం గడవాలి.

మా వంతు వచ్చింది. అమ్మాయి ఓపికగానే, "తాతా, సెయ్యి ఇలా పెట్టు, నేను నొక్కుతాను, నొప్పెట్టదు," అంది. చేతులు చంకల్లోకి వెళ్ళిపోయాయి. తమ్ముడు తల పట్టుకున్నాడు. వెనక లైన్లో నవ్వులు మొదలయ్యాయి. ఆ నవ్వు నాకు తెలుసు. పందిట్లో విన్న నవ్వే. ఎక్కడ లేని కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలియదు. ఆయన భుజం మీది తువ్వాలు లాగేసి, ఆ అద్దం పెట్టె మీదా, ఆయన ఒడి మీదా కలిపి కప్పేశాను. "ఇయ్యి. సంతలో ఇచ్చినట్టు ఇయ్యి," అన్నాను. తువ్వాలు కింద నా చెయ్యి దూర్చాను.

కాసేపటికి చంకలోంచి ఆయన చెయ్యి వచ్చింది. పలుపుతాడు ఒరుసుకుని గట్టిపడ్డ అరచెయ్యి, చల్లగా ఉంది. విదిలించలేదు. నేను వేళ్ళు పట్టుకుని అద్దం వైపు జరపబోయాను. ఆయన నా వేళ్ళనే పట్టుకున్నాడు. చిటికెన వేలు లోపలికి మడిచాడు. ఆ పక్క వేలు మడిచాడు. ఆ మడతలు నాకు తెలుసు, పందిట్లోవే. ఒక్కొక్కటీ మడిచి, బొటనవేలు పైన పెట్టి, పిడికిలి నొక్కి పట్టుకున్నాడు.

"ఏటిది?" అన్నాను. "ఏటి దీనర్థం?"

"ఇవ్వనని," అన్నాడు మామూలుగా. "బేరం లేదు, నా పశువుని నాను ఇంటికి తోలుకుపోతన్నానని. ఈ పిల్లకి నా ఏళ్ళు ఇవ్వను, సెప్పు."

"మరి నా పెళ్ళిలో కూడా ఇదే సేసావు కదా!"

నాన్న తెల్లటి కళ్ళు నా గొంతు వైపు తిప్పాడు. "అవును. ఇవ్వననే సెప్పినాను."

"నోరు లేదేటి నీకు? నోటితో సెప్పొచ్చు కదా!"

"సెప్పినాను కదే గుంటా. నీకు సంత బాస రాకపోతే నానేటి సేసీది?"

అబ్బ, ఆ మనిషిని ఏమనాలి చెప్పండి! నేర్పమంటే నేర్పనిది ఎవరు? ఇన్నేళ్ళు సంత కోడలిగా బతికినది ఎవరు? ఆధార్ అమ్మాయి, "ఆంటీ, వెనక జనం ఉన్నారు," అంటోంది. ఉండనీ. వాళ్ళను నవ్వనీ. "ఇవ్వననుకున్నవాడివి మరెందుకు ఇచ్చేసావు నన్ను?" అని అరిచాను. ఆ మాట అంత గట్టిగా వస్తుందని నేననుకోలేదు. వరండాలో నవ్వులు ఆగిపోయాయి.

"నానెక్కడిచ్చినాను?" అన్నాడు నాన్న, ఆశ్చర్యంగా. "మీ మావ నీ సెయ్యట్టుకుని ఇచ్చేసినాడు. నానివ్వలేదు."

నా పిడికిలి ఇంకా ఆయన చేతిలోనే ఉంది. నాన్న తనంతట తనే మాట్లాడాడు. జన్మలో అంత పొడుగు మాట ఆయన నోట నేను వినలేదు. "తువ్వాలు కింద పట్టుకున్నోడు ఎందుకు పట్టుకున్నాడో తెలుస్తాది. సెప్పాల్సింది సెప్పి ఒగ్గేస్తాడు. ఉత్తినే ముట్టుకుంటారు సూడు, వాళ్ళు ఏటి సెప్తన్నారో నాకు తెల్దు. నానేటి సెప్పాలో అసలే తెల్దు. భయమేస్తాది. సిన్నప్పటి నుంచీ అంతే."

"మరి ఇస్తానని ఎలా సెప్తారు?" అని అడిగాను. కళ్ళు తుడుచుకోవడానికి ఒక చెయ్యే ఖాళీగా ఉంది.

ఆయన నా పిడికిలి విప్పాడు. వేళ్ళన్నీ చాపి, తన అరచేతిని నా అరచేతి మీద పరిచాడు. అప్పుడు నేను ఆయన చేతిని తిప్పి, వేళ్ళు చాపి, అదే భాషలో, అద్దం మీద పరిచి పైనుంచి నొక్కాను. చెయ్యి వెనక్కి పోలేదు. నాలుగు వేళ్ళు, మళ్ళీ నాలుగు, ఆఖరికి బొటనవేళ్ళు. "వచ్చేసింది ఆంటీ, గుడ్డ కింద భలే బాగా వచ్చాయి," అంది అమ్మాయి. తమ్ముడు బయటికెళ్ళి టీ తాగుతానన్నాడు. వాడి కళ్ళు ఎందుకో ఎర్రగా ఉన్నాయి, అడగలేదు.

నా రైలుకు టైమయింది. స్టేషను దాకా వస్తానని నాన్న పట్టుబట్టాడు. పట్టాల అవతలి ప్లాట్‌ఫారానికి వంతెన ఎక్కాలి, ఆయనకు మెట్లు కనబడవు. "సెయ్యట్టుకో, పడిపోతావు," అన్నాను. ఇంత జరిగాక పట్టుకుంటాడనే అనుకున్నాను, నా పిచ్చి గాకపోతే! "తువ్వాలు ఉన్నాది కదా," అన్నాడు. తీసి ఒక కొస నా చేతికిచ్చాడు, రెండో కొస గుప్పిట్లో పెట్టుకున్నాడు. ఈసారి ముందు నేను, వెనక ఆయన. మెట్టు మెట్టుకూ తువ్వాలును నా వైపు చుట్టుకుంటూ ఎక్కాను. పైకి చేరేసరికి మధ్యలో జానెడు మిగిలింది. దాన్ని నేనూ చుట్టలేదు, ఆయనా చుట్టలేదు.

రైల్లో కూర్చున్నాక కిటికీలోంచి చూస్తే ఆయన తమ్ముడికి రెండడుగుల దూరంలో నిలబడి, రైలు ఎటు ఉందో సరిగ్గా తెలియక, కాస్త పక్కకు దండం పెడుతున్నాడు. మా ఆయన ఫోను చేసి, వేళ్ళు ఇచ్చాడా మీ నాన్న అని అడిగాడు. ఇచ్చాడన్నాను. నన్ను మాత్రం ఇవ్వలేదట, ఆ సంగతి ఇంటికొచ్చి చెబుతానన్నాను. పొందూరు వచ్చింది, వెళ్ళింది. నా కుడిచేతి వేళ్ళు నేనే ఒక్కొక్కటీ మడిచి చూసుకున్నాను. అంత చిన్న మాట, పక్కనే కూర్చుని చెప్పిన మాట, నా దాకా నడిచి రావడానికి ఇన్నేళ్ళు పట్టింది, ఆ ఏళ్ళన్నీ నేను కోపానికే ధారపోశాను, అవి ఇప్పుడు ఏ సంతకు వెళ్ళి అడిగినా, ఎన్ని వేళ్ళు పట్టుకున్నా, ఎవరూ తిరిగి ఇవ్వరు.